రెస్క్యూకీ రికవరీకీ మధ్య

మంగళవారం పొద్దున తొమ్మిదీ ఇరవైకి మా ఊరి బొగ్గుబాయి నోరు మూసుకుంటుంది. కూలిపోవడం కాదు. పై పెదవి కిందికీ, కింది పెదవి పైకీ వచ్చి, భోజనం ముగించిన మనిషి నోటిలా నెమ్మదిగా కలుసుకుంటాయి. దుమ్ము లేవదు. చప్పుడు రాదు. కాసేపటికి అక్కడ దారి ఉండేదన్న గుర్తు కూడా లేకుండా నేల నున్నగా అవుతుంది. లోపల నలుగురు ఉండిపోతారు. వాళ్లలో ఒకరు నా భర్త గట్టయ్య.

ఆ సమయానికి నేను హైస్కూల్లో ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెబుతున్నాను. ఒకే అర్థం ఉన్నట్టు కనిపించే మాటల జతలు ఆ రోజు పాఠం. హియర్ అంటే చెవిన పడటం, లిజన్ అంటే చెవి పెట్టడం అని బోర్డు మీద రాస్తున్నాను. హెడ్మాస్టరు తలుపు దగ్గర నిలబడి, బాయి మూసుకుందనీ, నా కోసం జీపు వచ్చిందనీ చెబుతాడు. నేను చివరి మాట కింద గీత గీసి, చాక్‌పీసు డబ్బాలో పెట్టి, చేతులు దులుపుకుని బయలుదేరతాను.

నన్ను రెండు పనుల మీద తీసుకెళుతున్నానని డ్రైవరు దారిలో చెబుతాడు. ఒకటి, నేను గట్టయ్య భార్యను. రెండు, ఊళ్లో ఇంగ్లీషు టీచరును నేనొక్కదాన్నే. రెండు పనులకూ ఒకే మనిషి సరిపోవడం వల్ల జీపు ఒక్కసారి తిరిగితే చాలట.

బాయి దగ్గర మా అత్తమ్మ ఎల్లవ్వ అప్పటికే నేల మీద పడుకుని, చెవి మట్టికి ఆనించి ఉంది. డెబ్బై రెండేళ్ల మనిషి. మోకాలికి ఆపరేషన్ అయినప్పటి నుంచి కుర్చీలో తప్ప కూర్చున్నది లేదు. ఈ రోజు ఎవరూ పట్టుకోకుండానే నేలకు దిగిందట. ఆమె పక్కన రాజమల్లు భార్య సమ్మక్క నిలబడి ఉంది. గట్టయ్యా రాజమల్లూ పదహారేళ్లుగా ఒకే గ్యాంగు. తవ్విన చోట పైకప్పు పడిపోకుండా దుంగలు నిలబెట్టడం వాళ్ల పని. మిగతా ఇద్దరు, ఓదెలు, భూమయ్య, ఈ ఏడే ఆ గ్యాంగులో చేరారు.

అత్తమ్మ నన్ను చూసి లేవదు. కొడుకు ఇక్కడే ఉన్నాడనీ, దగ్గుతున్నాడనీ, ఆ దగ్గు తనకు తెలుసనీ అంటుంది. నేను కూడా పడుకుని చెవి పెడతాను. నాకు ఏదీ చెవిన పడదు.

మధ్యాహ్నానికి బయటి ఊరి నుంచి ఇరవై నలుగురు మనుషులు దిగుతారు. అందరికీ నారింజ రంగు జాకెట్లు. వీపు మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాల్లో ‘రెస్క్యూ’ అని రాసి ఉంది. వాళ్లతో పాటు పరాంకుశం గారు అనే ఆఫీసరు వస్తారు. సన్నటి మనిషి, మాటల విభాగంలో పని చేస్తారు. బాయి నోరు ఉండిన చోటే బల్ల వేయించుకుని, దాని మీద ఇస్త్రీ చేసిన గుడ్డ పరిపించి, నన్ను పిలిచి నా పని వివరిస్తారు.

ఈ ఇరవై నలుగురికి మనుషుల మాటలు అర్థం కావు. వీపు మీది మాట ఒక్కటే అర్థమవుతుంది. అక్కడ ఏముంటే అది చేస్తారు. ఎవరి వీపు వాళ్లకు కనిపించదు కాబట్టి వరుసలో నిలబడతారు. వెనకవాడు ముందువాడికి వీపు చదివి వినిపిస్తాడు. అందరికంటే చివర నిలబడినవాడికి చదివేవాళ్లు ఉండరు. రోజూ పొద్దున అతనికి చదవడం నా పని.

నేను వెళ్లి అతని వెనక నిలబడి “రెస్క్యూ” అని చదువుతాను. అతను కళ్లు తుడుచుకుని పని మొదలుపెడతాడు.

వాళ్లు నేలలోకి మణికట్టంత లావు గొట్టం దింపుతారు. గొట్టం దిగుతున్నకొద్దీ లోపలివాళ్లున్న లోతు పెరుగుతుంది. బుధవారం పొద్దున నలభై మీటర్లు ఉన్నది సాయంత్రానికి నూట పది అవుతుంది. పరాంకుశం గారు ఇందులో వింతేమీ లేదంటారు. పైన ఎదురుచూసేవాళ్లు ఎక్కువైతే లోతు పెరుగుతుందట, సగం మంది ఇళ్లకు వెళ్తే మంచిదట. ఎవరూ వెళ్లరు. గొట్టం ఎలాగో గురువారం పొద్దున ఎనిమిదింటికి అడుగు చేరుతుంది.

అందులోంచి మొదట వచ్చేది గట్టయ్య గొంతు. నా పేరు పిలుస్తాడు. నేను గొట్టానికి నోరు ఆనించి దెబ్బలేమైనా తగిలాయా అని అడుగుతాను. ఎవరికీ దెబ్బలు లేవనీ, చీకటి ఉందనీ, నీళ్లు చీలమండల దాకా ఉన్నాయనీ చెబుతాడు. తిండి కూడా అంత అవసరం పడటం లేదంటాడు.

“గాని ఈడ ఊపిరి ఒక్కటే ఉన్నది,” అంటాడు. “నలుగురం షిఫ్టులు పెట్టుకున్నం. పొద్దుగాల ఆరు నుంచి పన్నెండు దాక నాది. అటెన్క రాజమల్లుది.”

వంతు కానప్పుడు మిగతా ముగ్గురూ ఏం చేస్తారని అడుగుతాను.

“ఊకుంటరు,” అంటాడు.

అందువల్ల గొట్టం దగ్గర మాకూ వంతులు పడతాయి. పొద్దున నేనూ అత్తమ్మా మాట్లాడతాం. పన్నెండు కాగానే గట్టయ్య మాట మధ్యలో తెగిపోతుంది, నేను లేచి సమ్మక్కకు చోటిస్తాను. సమ్మక్క గొట్టంలోకి ఎక్కువ మాట్లాడదు. బర్రె ఎన్ని పాలిచ్చిందో, చిన్నదానికి జ్వరం తగ్గిందో లేదో చెప్పి, అవతలి నుంచి రాజమల్లు ఊఁ కొడుతుంటే వింటూ కూర్చుంటుంది. మిగతా రెండు వంతులూ ఓదెలు, భూమయ్యల ఇళ్లవాళ్లవి.

శనివారం పొద్దున ఒక పెయింటరు వస్తాడు. చేతిలో రెండు డబ్బాలు, ఒక బ్రష్షు. ఇరవై నలుగురూ అతనికి వీపులు చూపించి నిలబడతారు. అతను పాత మాట మీద నారింజ రంగు పూసి, ఆరాక, దాని మీద తెల్లగా ‘రికవరీ’ అని రాసుకుంటూ పోతాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఒక్కో వీపు పూర్తయి, వెనకవాడు చదవగానే ఆ మనిషి చేతిలోని పలుగు కింద పెట్టేసి, దుప్పటి చేతిలోకి తీసుకుంటాడు.

ఈ మాటను జనంలోకి మోసుకుపోయేది మా అత్తమ్మే. ఎవరో పిల్లవాడు జాకెట్టు చదివి చెబితే ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతుంది. మోకాలి ఆపరేషన్ తర్వాత డాక్టరు ఆమెతో అన్న మాట అదే. రికవరీ అవుతుందన్నాడు, అయింది. ఇప్పుడు కొడుకు రికవరీ అవుతాడు. ఆమె కొట్టుకు మనిషిని పంపి బెల్లం తెప్పించి, నలుగురి ఇళ్లవాళ్లకూ తన చేత్తో పంచుతుంది. సమ్మక్క కొంగులో ఒక ముక్క కట్టుకుని, ఒక ముక్క నోట్లో వేసుకుంటుంది.

నా చేతిలో కూడా బెల్లం పెడుతుంది. నేను దాన్ని పట్టుకుని చివరి మనిషి వెనక నిలబడతాను. అతని వీపు మీద ‘రికవరీ’ అని స్పష్టంగా ఉంది. నేను “రెస్క్యూ” అని చదువుతాను.

అతను కదులుతాడు కానీ సరిగ్గా కదలడు. కాళ్లు గొట్టం వైపు వెళ్తాయి, చేతులు దుప్పటి వైపు చాపుకుంటాయి. నడుము దగ్గర మెలి పడి, ఆ భంగిమలోనే ఆగిపోయి, చెమటలు కక్కుతాడు. పరాంకుశం గారు బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, సరైన మాట తానే చదువుతారు. అతను చక్కబడతాడు. అప్పుడు ఆయన నన్ను బల్ల దగ్గరికి రమ్మంటారు.

ఆయనకు కోపం లేదు. మాట తనంతట తానే మారుతుందనీ, తొంభై ఆరు గంటలు నిండితే మారకుండా ఆపడం ఎవరి తరమూ కాదనీ, పెయింటరు దాని వెనక నడుస్తాడంతేననీ చెబుతారు. గొట్టంలోంచి మా ఆయన ఇవాళ పొద్దున కూడా మాట్లాడాడని నేను చెబుతాను. తాను కూడా విన్నానంటారు.

“వీళ్లు లోపలికి వెళ్లాక బతికున్నవాళ్లు కనబడితే ఏం చేస్తారు?” అని అడుగుతాను.

“వీళ్లు మర్యాదస్తులు మేడమ్. పక్కన కూర్చుని ఎదురుచూస్తారు.”

“దేనికోసం?”

“ఆ మాట వర్తించేదాకా.”

నా చేతిలో బెల్లం మెత్తబడి వేళ్లకు అంటుకుంటోంది.

నేను వెనక్కి వచ్చి, అందరికీ ఆ రెండు మాటలూ విప్పి చెబుతాను. పాఠం చెప్పినట్టే చెబుతాను, వేరే గొంతు నా దగ్గర లేదు. రెస్క్యూ బతికున్నవాళ్ల కోసం. రికవరీ, మనుషుల విషయంలో, పోయాక మిగిలినదాని కోసం. ఆస్పత్రిలో దానికి వేరే అర్థం ఉంది, ఇక్కడ ఇది.

ఎవరూ ఏడవరు. నోట్లో ఉన్న బెల్లాన్ని అరచేతుల్లోకి ఉమ్ముకుని, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడతారు. అత్తమ్మ మాత్రం తనది మింగేస్తుంది.

“నువ్వు జెర ఆగి చెప్పకపోతివా బిడ్డా,” అంటుంది. “పొద్దుందాకనన్న మంచిగుందును.”

పదకొండు గంటలకు పరాంకుశం గారు మళ్లీ పిలుస్తారు. ఈసారి బల్ల కింద నుంచి ఒక గోనెసంచీని కాలితో ముందుకు తోస్తారు. మూతి పురికొసతో కుట్టి ఉంది. రెండు మాటలకూ మధ్య ఉన్న తేడా ఇదేనంటారు. పద్నాలుగు కిలోలు. నేను మీద చెయ్యి వేసి చూస్తాను. గుండ్రంగా, కాస్త వెచ్చగా ఉంది.

తర్వాత ఒక కాగితం చూపిస్తారు. ఇంగ్లీషు తెలిసిన స్థానిక వ్యక్తి హోదాలో, ఆ రెండు మాటలకూ అర్థంలో తేడా లేదని నేను ధ్రువీకరించాలి. సంతకం పడగానే సంచీ లారీ ఎక్కుతుంది. తేడా లేకపోతే ఆ ఇరవై నలుగురికీ ఎదురుచూడవలసిన పని ఉండదు. లోపల ఎవరు ఎలా ఉన్నా గంటలో పైకి తెస్తారు.

నాకు మొదట అది సులువైన పనిలా కనిపిస్తుంది. ఒక చిన్న అబద్ధం, నలుగురు మనుషులు. అదే ఆయనతో అంటాను.

“పైకి మాత్రం అంతే మేడమ్,” అంటారు. “కానీ తేడా ఒక పక్క నుంచే పోదు. రెండు పక్కల నుంచీ పోతుంది. తర్వాత మమ్మల్ని అనకూడదు.”

నేను కాగితం తీసుకుని సమ్మక్క దగ్గరికీ, అత్తమ్మ దగ్గరికీ వెళ్తాను. ఓదెలు, భూమయ్యల ఇళ్లవాళ్లు నువ్వెట్లంటే అట్ల అంటారు. అత్తమ్మ నేల మీది నుంచే సంతకం పెట్టమంటుంది. ఎట్లొచ్చినా రానీ, ముందు నా కండ్ల ముందుకు రానీ అంటుంది.

సమ్మక్క ఒప్పుకోదు. ఆమె ఏడో తరగతితో బడి మానేసింది. అయినా నాకంటే ముందు ఆమెకే అర్థమవుతుంది.

“నాకు మనిషన్న గావాలె అక్కా, లేకుంటే పీనుగన్న గావాలె. రెండు గానోన్ని తీస్కపోయి నేనేం జేస్త? ఆగుదాం. ఊపిరున్నన్ని దినాలు గొట్టంల మాట్లాడుకుంట కూసుంట.”

నేను గొట్టం దగ్గరికి వెళ్లి కూర్చుంటాను. పదకొండున్నర అయింది. గట్టయ్య గొంతు నిన్నటి కంటే సన్నగా ఉంది. ఊపిరి అరిగిపోతోందనీ, మిగతా ముగ్గురి వంతులూ అయ్యేసరికి తనకు అందేది తక్కువగా ఉంటోందనీ చెబుతాడు. నేను అతనికి రెండు మాటల సంగతీ చెప్పడం మొదలుపెడతాను. అతను మధ్యలోనే ఆపేస్తాడు.

“గవన్ని నాకెందుకే. ఎవలన్న వస్తన్నరా లేదా? గది చెప్పు.”

“వస్తన్నరు,” అంటాను.

“వస్తన్నరంటరా,” అని అతను లోపలికి తిరిగి చెప్పడం వినిపిస్తుంది. తమ వంతు కాని ముగ్గురూ బదులివ్వరు. కానీ నీళ్లు కదిలిన చప్పుడు, ఎవరో లేచి బట్టలు సర్దుకుంటున్న చప్పుడు గొట్టంలోంచి పైకి వస్తుంది. అది విన్నాక నేను ఆలోచించను. సమ్మక్క నా కొంగు పట్టుకుని లాగుతున్నా విడిపించుకుని వెళ్లి, పన్నెండుకు ఏడు నిమిషాలుండగా సంతకం పెడతాను.

సంచీని ఇద్దరు పట్టుకుని లారీలో వేస్తారు. పద్నాలుగు కిలోలకే లారీ వెనక చక్రాలు సగం దాకా నేలలో దిగబడతాయి. డ్రైవరు రెండుసార్లు ముందుకూ వెనక్కీ ఊపి బయటికి తీసి వెళ్లిపోతాడు.

ఇరవై నలుగురూ లేస్తారు. పెదవులు విడివడినంత తేలిగ్గా నేల తెరుచుకుంటుంది. సరిగ్గా గంటకు పైకి వస్తారు. గట్టయ్యను చేతులు పట్టుకుని నడిపించుకు వస్తున్నారో, కాళ్లూ చేతులూ పట్టుకుని మోసుకొస్తున్నారో నేను చెప్పలేను. నా కళ్లకు రెండూ కనిపిస్తున్నాయి. జనం చప్పట్లు కొడతారు, గుండెలు బాదుకుంటారు. రెండింటినీ చేసేది ఒకే మనుషులు, ఒకే చేతులతో.

బాయి డాక్టరు నలుగురి నాడీ పట్టుకుని చూసి, కాగితం మీద నాలుగు అంకెలు వేస్తాడు. తర్వాత ఆ కాగితాన్ని నా ముందు పెట్టి, ఈ అంకెలను బట్టి ఏమనుకోవాలని నన్నే అడుగుతాడు. నాకు తెలియదంటాను. ఆయన తల ఊపి, నలుగురినీ ఇళ్లకు తీసుకెళ్లవచ్చని రాసిస్తాడు.

గట్టయ్య మా క్వార్టరు వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంటాడు. పొద్దున ఆరింటికి అతని ఛాతీ లేస్తుంది. టీ ఇస్తే తాగుతాడు. గడ్డం గీసుకోవాలంటాడు. ఇల్లు చిన్నదైందేమిటని అడుగుతాడు. పన్నెండింటికి ఛాతీ దిగి, మళ్లీ లేవదు. ఈగలు వచ్చి కళ్ల మూలల్లో వాలతాయి. మరునాడు ఆరింటికి వాటిని తోలుకుని, ఆగిన చోటి నుంచి మాట అందుకుంటాడు.

నేను అతని ముక్కు కింద అరచెయ్యి పెట్టి చూస్తాను. పొద్దున గాలి తగులుతుంది, మధ్యాహ్నం తగలదు. తగిలితే ఏమిటో, తగలకపోతే ఏమిటో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తాను. ఇదివరకు ఈ రెండూ రెండు వేర్వేరు సంగతులు అన్నంత వరకూ గుర్తుంది. అవి ఏయే సంగతులో గుర్తులేదు.

ఒక పొద్దున అతన్నే అడుగుతాను. నువ్వు ఉన్నావా, పోయావా చెప్పమంటాను.

గట్టయ్య నా వైపు పిల్లవాడిలా చూస్తాడు.

“నువ్వు గదా టీచరువు,” అంటాడు. “నన్నడుగుతవేంది?”

అత్తమ్మకు ఈ బాధ లేదు. కొడుకుకు అన్నం కలిపి పెడుతుంది, కొడుకు పేరు చెప్పి కాకికి కూడా ఒక ముద్ద వేస్తుంది. రెండు పనులూ ఒకే గిన్నెలోంచి చేసి, గిన్నె కడిగి బోర్లిస్తుంది. ఆమె నాకంటే సుఖంగా ఉంది. ఆమె సుఖం చూస్తే నాకు భయం వేస్తుంది.

పదో రోజు సమ్మక్క వస్తుంది. జుట్టు సగం దువ్వుకుంది, సగం విరబోసుకుంది. ఒక చేతికి గాజులున్నాయి, ఒక చెయ్యి బోడిగా ఉంది. లోపలికి రమ్మంటే రాదు, గుమ్మం మీదే నిలబడుతుంది.

“నేను వద్దన్న గదక్కా. కొంగు గుంజిన గద,” అంటుంది.

అన్నది నిజమేనంటాను. ఆమె తిట్టదు. తిడితే బాగుండును. పెండ్లినాటి చీరా తెల్లబట్టా పక్కపక్కన పెట్టుకుని ఏది కట్టుకోవాలో తెలియక మూడు రోజులు లంగా రవికెతోనే కూర్చున్నానని చెబుతుంది. పిల్లలు నాయన దగ్గర పడుకోవాలో పడుకోకూడదో అడుగుతున్నారట. ఆ సంచీ తనకు కావాలి, ఎంత బరువైనా నెత్తిన పెట్టుకుని తానే మోస్తానంటుంది.

ఇద్దరం బాయి దగ్గరికి వెళ్తాం. బల్ల ఉన్న చోట నాలుగు కాళ్ల గుంటలు మాత్రం ఉన్నాయి. గేటు దగ్గర ఉన్న జీపు డ్రైవరును అడిగితే, ఆ సంచీని ఏదో ఊళ్లో ఎవరికో అవసరం పడి అటే పంపించేశారని చెబుతాడు. అక్కడ ఒక రైలు నదిలో పడిందట. రెండు మాటలకూ తేడా ఉండవలసిందేనని అక్కడి టీచరు సంతకం పెట్టనన్నదట.

తిరిగి వచ్చి వాళ్ల వాకిట్లోకి వెళ్లగానే సమ్మక్క గడ్డపార తీసుకుని తవ్వడం మొదలుపెడుతుంది. నేను చూస్తూ నిలబడతాను. నడుము లోతు అయ్యాక ఆపుతుంది. రాజమల్లును తీసుకొచ్చి అందులో నిలబెట్టి, చుట్టూ మట్టి పోసి, కాళ్లతో తొక్కి గట్టి చేస్తుంది. మట్టి మీద నాలుగు బంతిపూలు పెడుతుంది. తర్వాత లోపలికి వెళ్లి పళ్లెంలో అన్నం తెచ్చి, అతని ముందు కూర్చుని తినిపిస్తుంది.

“కింద సగం మట్టిది,” అంటుంది నన్ను చూడకుండా. “మీది సగం నాది. గంతే.”

ఆమె ముఖం పది రోజుల తర్వాత కాస్త తేటపడుతుంది. అది చూసి ఓదెలు ఇంటివాళ్లూ, భూమయ్య ఇంటివాళ్లూ అదే రోజు తవ్వుతారు. నేను మరో రెండు రోజులు ఆగుతాను. తవ్వితే ఒప్పుకున్నట్టు అవుతుందనిపిస్తుంది. దేన్ని ఒప్పుకున్నట్టో మాత్రం తోచదు. చివరికి గట్టయ్యే నా చేతిలోని గడ్డపార అందుకుని, ఇలాంటి పని తనకు అలవాటేనని చెప్పి, చోటు చూపించమంటాడు. జామచెట్టు పక్కన చూపిస్తాను. తనకు సరిపోయేంత తానే తవ్వుకుని, తానే దిగి, అంచులు సరిచూసుకుంటాడు. మట్టి పొయ్యడం మాత్రం నా పని. మొదటి తట్ట కొద్దికొద్దిగా పోస్తాను. ఐదో తట్ట ఒక్కసారే కుమ్మరిస్తాను.

అత్తమ్మ వచ్చి కొడుకు ఎత్తు ఇప్పుడు చిన్నప్పటి ఎత్తుకు వచ్చిందని సంబరపడుతుంది. కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని, తలకు నూనె రాస్తుంది.

కొన్ని వారాలు అలాగే గడుస్తాయి. పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా గట్టయ్య వాకిట్లో నా మాటలు వింటాడు. నేను పరీక్ష పేపర్లు అక్కడే కూర్చుని దిద్దుతాను. వానలు పడతాయి. అతని చొక్కా మూడో గుండీ మట్టిలోకి వెళ్లిపోయిందని ఒక రోజు గమనిస్తాను. మరుసటి వారం రెండోది. ఎవరూ లాగడం లేదు, ఎవరూ తొయ్యడం లేదు. నేను అతని చంకల కింద చేతులు పెట్టి పైకి లాగి చూస్తాను. రాడు. ఎందుకే తిప్పలు, చల్లగ మంచిగున్నది అంటాడు. మట్టి మెడ దాకా వచ్చిన రోజు అత్తమ్మ కుర్చీ తీసేసి నేల మీద కూర్చుని తల దువ్వుతుంది. మరునాడు నేను బడికి బయలుదేరేటప్పుడు అతని కళ్లు, నుదురు మాత్రమే పైన ఉన్నాయి. కళ్లతోనే వెళ్లి రమ్మంటాడు. నేను వెళ్తాను. బడికి వెళ్లకుండా ఆ రోజు అక్కడే ఉండవలసిందేమో. ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు.

రెండో పీరియడ్‌లో తరగతి లీడరు స్వరూప చెయ్యెత్తి లేస్తుంది. మొహంలో ఆందోళనేమీ లేదు, హాజరు చెప్పినట్టు చెబుతుంది.

“టీచర్, గ్రౌండుల కాళ్లు మొలిచినయ్.”

పిల్లలంతా నా వెంట వస్తారు. కబడ్డీ గీతల పక్కన, మట్టిలోంచి రెండు కాళ్లు పిక్కల దాకా పైకి వచ్చి ఉన్నాయి. పాదాలు పైకి ఉన్నాయి, అరికాళ్లు ఆకాశం వైపు. ఎడమ చిటికెన వేలు దుంగ పడి వంకరపోయి ఉంది. ఆ వేలికి పెళ్లయిన ఏడాది నేనే కట్టు కట్టాను. చిన్న తరగతుల పిల్లలు అప్పటికే చుట్టూ రాళ్లు పేర్చి, నీళ్లు చల్లారు.

నేను దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంటాను. పాదాలు ఆగడం లేదు. ఒకదాని తర్వాత ఒకటి, మడమ ముందు, వేళ్లు తర్వాత, షిఫ్టుకు వెళ్లే మనిషి తొందర లేని నడకతో నడుస్తున్నాయి. వాటికి నేల ఆకాశమే. తలెత్తి చూస్తాను. స్కూలు మీదుగా పోతున్న తెల్లటి మబ్బు, ఒక్కో అడుగుకూ తడి మట్టిలా లోపలికి నొక్కుకుంటోంది. నొక్కుకున్న చోటల్లా ఒక నల్లటి బొగ్గు పాదం ముద్ర పడుతోంది. మొదటి ముద్ర వెనక రెండోది, దాని వెనక మూడోది, వరుసగా పడమటి వైపు వెళ్తున్నాయి. దూరంగా మరో మబ్బు మీద, ఇంకెవరివో ముద్రలు, చాలా మందివి, అప్పటికే కనిపిస్తున్నాయి.